పింగాణి పెంకు మీద పసుపు

రిటైరయ్యానంటే మా వాళ్లు నవ్వారు. నాకు ముప్పై మూడేళ్లు. కానీ కుడి మణికట్టు దెబ్బతింది. బరువున్న వస్తువేదీ ఇక ఆ చేత్తో ఎత్తొద్దని డాక్టరు కాగితం మీద రాసిచ్చింది. మ్యూజియంలో పింగాణి పాత్రలు ఎత్తి, తుడిచి, అతికే పనిలో ఉన్న మనిషికి ఆ కాగితమే రిటైర్మెంట్ ఉత్తర్వు. ఎనిమిదేళ్లు చేసిన పనిని పోయిన నెలలో వదిలేశాను.

ఇక్కడ జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదువుతున్న ఇద్దరు తెలుగమ్మాయిలు ఆ మ్యూజియం వర్క్‌షాపులోనే వారానికి రెండు రోజులు పనిచేయడానికి చేరారు. చేరేముందు నన్ను కలిసి, "అక్కా, అసలు అక్కడ రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. నోటితో చెప్పడం నాకు రాదు. ఎదుటి మనిషి నా మొహంలోకి చూస్తే చెప్పదలుచుకున్న దాంట్లో సగం గొంతులోనే ఉండిపోతుంది. పన్నెండో ఏట నుంచి డైరీ రాస్తున్నాను కాబట్టి కాగితం ముందు మాత్రం అంత భయం ఉండదు. అందుకే రాసిస్తున్నాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫారం ఎక్కడ నింపాలి అనేవి ఇందులో ఉండవు. అవి మీకు వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయి. ఎక్కువగా ఒక జాడీ గురించి, దానితో నేను చేసిన తప్పుల గురించి ఉంటుంది. నాకు పని వచ్చింది దానివల్లే.

చేతులు

నేను చదివింది మెటీరియల్ సైన్స్. నాతో వచ్చిన వాళ్లంతా కార్ల కంపెనీల వైపు, సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోయారు. యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద "మ్యూజియం సిరామిక్ విభాగంలో సహాయకులు కావాలి" అని ఒక కాగితం మూడు వారాలు అలాగే ఉంది. ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం ఉండదేమోనన్న ఆశతో దరఖాస్తు పెట్టాను. నిజంగానే లేదు. చేతులు చూపించమన్నారు.

రోజులో ఎక్కువ భాగం దుమ్ము. మెత్తటి కుంచెతో దులపడం, దూదితో తుడవడం, చూసింది చూసినట్టు రాయడం. మీరు ఊహించుకుంటున్నట్టు నిధులు బయటపడవు. నడుము నొప్పి వస్తుంది. మూడు గంటలు ఒక్క మాట లేకుండా గడిచిపోతాయి. ఇది మీకు శిక్షలా అనిపిస్తే ఇప్పుడే మానేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మెడలో గొలుసుంటే చొక్కా లోపలికి వేసుకోండి. గాజులు, ఉంగరాలు లాకర్లో పెట్టి రండి. ఎత్తేముందు, ఎక్కడ దించుతారో ఆ చోటు ఖాళీ చేసుకుని ఎత్తండి. బిందెను మెడ పట్టుకుని ఎత్తే అలవాటు మనది. ఇక్కడ ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. మొదటి రోజు నేను తెల్లటి నూలు గ్లవుజులు కొనుక్కుని వెళ్లాను. నాకు పని నేర్పిన ఫ్రావ్ లిండ్నర్ (ఫ్రావ్ అంటే ఇక్కడ శ్రీమతి) వాటిని మర్యాదగా తీసుకుని సొరుగులో పెట్టేసింది. "వీటిని సినిమాల్లో వేసుకుంటారు. నున్నటి పింగాణి మీద జారతాయి. కడుక్కున్న చేతులు చాలు," అంది.

నా పైవాళ్లు ఇద్దరు

ఫ్రావ్ లిండ్నర్ సిరామిక్ రెస్టోరర్. అంటే విరిగిన పాత్రల వైద్యురాలు. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. బూడిదరంగు ఏప్రన్, పొట్టి జుట్టు, మెడలో భూతద్దం. యాపిల్‌ను చాకుతో ఎనిమిది ముక్కలు చేసి, గంటకొకటి చొప్పున తినేది. నాకంటే తక్కువ మాట్లాడే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. మా ఇద్దరికీ బాగా కుదిరింది.

డాక్టర్ వేబర్ ఆసియా విభాగాధిపతి. చైనా రాజవంశాల గురించి ఆయనకు తెలియనిది లేదు. ఒక్క ముక్క చూసి ఏ బట్టీలో కాలిందో చెప్పేవాడు. కానీ పాత్రను ముట్టుకోవడానికి భయం. చేతులు వెనక కట్టుకుని మాట్లాడేవాడు. చెడ్డవాడు కాడు. ఎవరి మీదికీ గొడవ రాకూడదని చూసేవాడు. అలాంటి పైవాడు మీకూ దొరుకుతాడు. ఆయన ఇచ్చే సలహా మిమ్మల్ని కాపాడటానికే ఇస్తాడు. అయినా ఆలోచించి తీసుకోండి.

చదువయ్యాక నన్ను పూర్తిస్థాయి సహాయకురాలిగా తీసుకున్నారు, పరీక్షాకాలం మీద. ఫిబ్రవరి ఆఖరుకి ఫ్రావ్ లిండ్నర్ సరేనంటే డాక్టర్ వేబర్ కాంట్రాక్టు ఇస్తాడు. లేకపోతే లేదు. మార్చిలో వీసా ఆఫీసులో నాకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. కాంట్రాక్టు లేకుండా ఆ బల్ల ముందు కూర్చుంటే చూపించడానికి ఏమీ ఉండదు. కానీ నిజం చెప్పాలంటే వీసా కంటే కూడా, ఆ గదిలో ఉండనివ్వరేమోనన్నదే నా బెంగ. ఉత్తరం వైపు పెద్ద కిటికీలు, రెండు బల్లలు, నన్ను మాట్లాడమని బలవంతపెట్టని ఒక మనిషి. అంతకు ముందు అలాంటి చోటు నాకు దొరకలేదు.

బోర్లించిన జాడీ

ఆ జాడీ చైనాలో మింగ్ వంశం కాలం నాటిది. నా మోకాలి ఎత్తుంటుంది. వెడల్పు భుజాలు, పొట్టి మెడ. మూత ఎప్పుడో పోయింది. తెల్లటి ఒంటి మీద నీలం రంగుతో తామర కొలను, చేపలు, రెండు బాతులు. మెడ చుట్టూ అలల పట్టీ. లోపల చెయ్యి పెట్టి తడిమితే నడుము దగ్గర సన్నటి గట్టు తగిలేది. రెండు సగాలుగా చేసి అతికిన చోటు అది. ఒక తామరాకు మీద కుంచెలో రంగు అయిపోయి గీత పలచబడి, మళ్లీ ముంచుకున్నాక చిక్కబడింది. ఆ పలచటి చోట నేను ప్రతిసారీ ఆగేదాన్ని. అన్ని వందల ఏళ్ల కింద ఒక మనిషి అక్కడ చెయ్యెత్తి, మళ్లీ దించాడు.

వసంతంలో కొత్త గ్యాలరీకి అది వెళ్లాలి. అందుకని స్టోర్ నుంచి మా గదికి వచ్చింది. వెంట వచ్చిన పాత కార్డు మీద దాని ఎత్తు, కాలం, చివర్లో "పగుళ్లు లేవు" అని ఉంది.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం ఫ్రావ్ లిండ్నర్ పంటి డాక్టరు దగ్గరికి మధ్యాహ్నమే వెళ్లిపోయింది. వెళ్తూ, "లోపల తుడవండి. బయట వైపు సోమవారం చూద్దాం," అంది. ఆమె నన్ను ఒంటరిగా వదిలి వెళ్లడం అదే మొదటిసారి. గర్వంగా ఉంది. తడి దూదితో లోపలంతా తుడిచాను. తర్వాత, కాస్త ఆరాలి కదా అని, మా ఇంట్లో జాడీ కడిగాక ఏం చేస్తారో అదే చేశాను. ఫోమ్ దిమ్మ మీద బోర్లించాను.

ఆలోచించి చేసిన పని కాదది. ఖాళీ పాత్ర నోరు తెరుచుకుని కనిపిస్తే మా అమ్మ ఊరుకోదు. దుమ్ము పడుతుంది, బల్లి పడుతుంది అంటుంది. జర్మనీ మ్యూజియంలో ఎయిర్ కండిషన్డ్ గదిలోకి బల్లి ఎక్కడి నుంచి వస్తుంది? చేతులకు ఆ సంగతి తెలియదు.

కింద క్యాంటీన్‌లో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాను. గంట తర్వాత వచ్చి జాడీని జాగ్రత్తగా, రెండు పక్కలా చేతులు వేసి ఎత్తాను. జాడీ లేచింది. మెడలోంచి రెండు పెంకులు మాత్రం ఫోమ్ మీదే ఉండిపోయాయి. చిన్న చప్పుడైనా లేదు.

ఆ మెడ ఎప్పుడో విరిగి, మ్యూజియానికి రాకముందే ఎవరో జిగురుతో అతికి, పైన నీలం అలలు దిద్ది దాచేశారని తర్వాత తేలింది. కార్డు రాసినవాళ్లు అది గమనించలేదు. జాడీ బరువంతా గంటసేపు ఆ మెడ మీదే నిలబడింది, పాత జిగురు వదిలేసింది. అతినీలలోహిత దీపం కింద పెడితే పాత అతుకులు వేరే రంగులో మెరుస్తాయి. ఆ దీపం నాకు రెండడుగుల దూరంలోనే ఉంది. కార్డు చెప్పింది కదా అని వెలిగించలేదు. మీరు మాత్రం కార్డు ఎంత పాతదైనా, రాసిన వాళ్లు ఎంత పెద్దవాళ్లైనా, ముందు దీపం వేసి చూడండి.

ఇది మొదటి తప్పు. అప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉంటే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ఫోన్ చేయలేదు. రెండు పెంకులనూ కాగితం రుమాలులో చుట్టి, ఖాళీ అయిన పులిహోర డబ్బాలో పెట్టాను. జాడీ మెడలో సందు గోడవైపు ఉండేలా తిప్పి, గుడ్డ కప్పాను. డబ్బా సంచిలో వేసుకుని డార్మ్‌స్టాట్ రైలెక్కాను. ఇంట్లో అతికిద్దామని కూడా అనుకోలేదు. చేతిలో ఉన్నదాన్ని దాచేశాను, అంతే.

శనివారం

నాతోపాటు ఫ్లాటులో శ్రావంతి ఉండేది. కరీంనగర్ అమ్మాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఐటీ ఆఫీసులో చేసేది, బ్లూ కార్డు అనే పని వీసా ఉన్న ధైర్యం మనిషి. శనివారం పొద్దున నేను లేచేసరికి వంటగదిలో ఆ డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందే ఇది? మీ దిక్కు పులిహోరల పల్లీలు ఏస్తరనుకున్న. పెంకులు గూడ ఏస్తరా?"

డబ్బా లాక్కున్నాను. కుర్చీలో కూలబడి అంతా చెప్పేశాను. ఏడుపు వచ్చింది.

"అది ఐదువందల ఏళ్ల నుంచి ఉందే, శ్రావ్!"

"ఐదువందల ఏండ్లు మంచిగనే ఉన్నది. నీ చేతిల పడ్డంక ఐదు దినాలు ఉండలే."

"నవ్వకు."

"నవ్వక ఏం జెయ్యాలె? మా ఆఫీసుల సర్వర్లన్నీ పడిపోతె గూడ గింత ఏడ్వరు. ఎవలన్న చూసిండ్రా?"

"లేదు."

"కెమెరా?"

"ఆ గదిలో లేదు."

రుమాలు విప్పి పెంకులు చూశాను. పులిహోర నూనె, పసుపు ఆ రుమాలులోంచి దిగి, విరిగిన అంచులకు పట్టేసింది. నీలం బొమ్మ ఉన్న నున్నటి వైపు ఏమీ అంటలేదు. గ్లేజు లేని గరుకు అంచు మాత్రం, ఒక సన్నటి గీతలాగా, పచ్చగా మెరుస్తోంది. భయంతో సింకు దగ్గరికి పరుగెత్తి గిన్నెల సబ్బు వేసి రుద్దాను. సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడింది.

"ఓ యవ్వ! కుంకుమ అయితుందేందే!" శ్రావంతి నా భుజం మీదుగా వంగి చూసింది. "ఇడువు, ఇడువు. ఇంకింత రుద్దితె పారాణి పెట్టినట్టు అయితది."

నీళ్లతో కడిగితే ఎరుపు పోయి మళ్లీ పసుపే మిగిలింది. ముందుకంటే లోతుగా దిగింది కూడా.

శ్రావంతి టీ పెట్టి నా ముందు కూర్చుంది. "చూడు. నేనైతె చెప్పకపోదును. సోమవారం పొద్దుగాల పోయి, అవ్విటిని ఆడ పెట్టేసి, 'అయ్యో, పాత జిగురు ఊడినట్టుంది' అందును. చెప్తె నీ కాంట్రాక్టు పోతది. వీసా టెర్మిన్ల ఏం చూపిస్తవ్, ఈ డబ్బానా?"

"అలాగే చేయనా?"

"గదే చెప్తున్న. నేనైతె చేద్దును. నీకు అబద్ధమాడనీకి రాదు. రైల్ల టికెట్ ఉన్నా, చెక్ చేసేటోడు వస్తె దొంగ మొకం పెడ్తవ్. దాస్తె ఏడాదంత గిట్లనే ఏడుస్త కూసుంటవ్, నేను జూడలేను. పోయి చెప్పు. కొట్టరు గద."

ఆదివారం డైరీలో మూడు పేజీలు రాశాను. చదువుకుంటే తప్పంతా పాత జిగురుది, కార్డుది, బల్లిది. నాది ఎక్కడా కనబడలేదు. ఇన్నేళ్ల డైరీల్లో ఇంకెన్ని ఇలా రాసుకున్నానో అనిపించి పుస్తకం మూసేశాను.

చెయ్యి చాపడం

సోమవారం మామూలుకంటే ముందు రైలెక్కాను. గదిలో ఫ్రావ్ లిండ్నర్ అప్పటికే ఉంది. జాడీ మీద గుడ్డ లేదు. మెడలో సందు ఇవతలికి తిరిగి ఉంది. ఆమె నా మొహం వైపు చూడలేదు. అరచెయ్యి చాపింది.

డబ్బా తీసి ఇచ్చాను. లోపల దూది పరిచి పెట్టాను, అప్పటికి అది గుర్తొచ్చింది. ఆమె భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కడిగారా?"

"కడిగాను."

"దేనితో?"

"గిన్నెలు తోమే సబ్బుతో."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. "ఈ రంగు?"

"పసుపు. అది నా అన్నం డబ్బా."

ఆమె పెంకును దూది మీద పెట్టి నెమ్మదిగా అంది: "పాత్రలు విరుగుతాయి. నేనూ విరిచాను, మీరూ ఇంకా విరుస్తారు. కానీ ఇది తలుపు దాటి బయటికి వెళ్లింది. అది నాకు అర్థం కావడం లేదు."

"నాకూ కావడం లేదు," అన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. ఆమె కుర్చీ జరిపి, "కూర్చోండి. శుక్రవారం నుంచి ఏమేం జరిగిందో చెప్పండి. ఎన్ని గంటలు అందులో ఉంది, ఏ సబ్బు, వేడినీళ్లా చన్నీళ్లా," అంది. డాక్టరు రోగి తల్లిని అడిగినట్టు అడిగింది. నేను చెప్పాను, ఆమె రాసుకుంది. నా జీవితంలో ఒకరితో ఆపకుండా అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఎండ

దూదిపుల్లకు ఆల్కహాలు అద్ది అంచుల మీద ఒత్తింది. కొంత పసుపు దూదికి వచ్చింది, మిగిలింది కదల్లేదు. ఇంకా గట్టి మందులు వాడితే పాత జిగురు కరిగి, రంగును లోపలికి లాక్కుపోతుందని ఆపేసింది.

"ఎండలో పెడితే పోతుంది," అన్నాను.

"ఏమిటి?"

"పసుపు. మా వైపు చీర మీద పసుపు పడితే ఉతికి ఎండలో వేస్తారు. సాయంత్రానికి ఉండదు."

ఆమె కిటికీ వైపు చూసింది. బయట ఆకాశం తడి సిమెంటులా ఉంది. "ఫిబ్రవరిలో, ఈ ఊళ్లో ఎండా? దానికీ టెర్మిన్ తీసుకోవాలి," అంది. అది జోకని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అయినా ఆమె వెంటనే జాడీ పెంకుల మీద ప్రయోగం చేయనివ్వలేదు. ఇంటి నుంచి పసుపు తెమ్మంది. క్యాంటీన్‌లో విరిగిన సాసరు ఒకటి అడిగి తెచ్చి, నాలుగు ముక్కలు చేసి, అంచులకు పసుపు, నూనె పూశాం. ప్రతి ముక్కనూ సగం రేకు కాగితంతో కప్పి కిటికీ దగ్గర పెట్టాం. నాలుగు రోజులు మబ్బు వెలుతురే. ఐదో రోజు రేకు తీస్తే, కప్పిన సగం పచ్చగా ఉంది, కప్పని సగం తెల్లబడింది. ఫ్రావ్ లిండ్నర్ ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, "మీ అమ్మగారు ఏ యూనివర్సిటీ?" అని అడిగింది.

"తెనాలిలో లెక్కల టీచరు."

"ఆమెకు నా నమస్కారాలు చెప్పండి."

అప్పుడు అసలు పెంకులు కిటికీలోకి వచ్చాయి. కోబాల్టు నీలం వెలుతురికి మారదు కాబట్టి బొమ్మకు భయం లేదు. పాత జిగురు వేడెక్కకూడదు కాబట్టి హీటరుకు దూరంగా పెట్టాలి. తెల్లటి పళ్లెంలో దూది మీద పెట్టి, పొద్దున తూర్పు కారిడార్ కిటికీలో, మధ్యాహ్నం మెట్ల దగ్గర, మూడింటికి ఆమె ఆఫీసు గదిలో ఉంచేవాళ్లం. ఎండ ఎప్పుడైనా పది నిమిషాలు వస్తే చేస్తున్న పని వదిలేసి ఇద్దరం పళ్లెం పట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఒకసారి మెట్ల మీద డాక్టర్ వేబర్ ఎదురై, "ఎక్కడికి?" అన్నాడు. "ఎండకు," అంది ఫ్రావ్ లిండ్నర్, ఆగకుండానే. ఆ వారంలోనే ఆమె తన యాపిల్‌లో నాలుగు ముక్కలు నా వైపు జరపడం మొదలుపెట్టింది. నన్ను ఉంచుతారా లేదా అన్నది మాత్రం ఆమె మొహంలో ఎంత వెతికినా కనబడలేదు.

మూడో వారం ముగిసేసరికి పసుపు దాదాపు పోయింది. పెద్ద పెంకు అంచులో వెంట్రుకవాసి గీత ఒకటి మిగిలింది. భూతద్దం లేకపోతే కనబడదు. అతికాక అసలే కనబడదు.

నివేదిక

దెబ్బతిన్న ప్రతి వస్తువుకీ నివేదిక రాయాలి. రాయమని ఫ్రావ్ లిండ్నర్ నన్నే అడిగింది. మూడు రోజులు పట్టింది. తడి దూదితో తుడవడం, బోర్లించడం, దీపం వేయకపోవడం, డబ్బా, రైలు, సబ్బు, ఎండ, మిగిలిన గీత. కర్తగా ప్రతిచోటా నేనే ఉన్నాను.

డాక్టర్ వేబర్ చదివి నన్ను పిలిచాడు. చేతులు వెనక కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"పాత అతుకు ఊడింది. అది నిజమే కదా? అంతవరకు రాస్తే సరిపోతుంది. ఈ అన్నం డబ్బా సంగతి డైరెక్టర్ చదువుతారు. మీ కాంట్రాక్టు కాగితం కూడా ఆయన బల్ల మీదికే వెళ్తుంది. రెండు వాక్యాలు తీసేయండి, మీ మంచికే చెబుతున్నాను."

ఆయన గొంతులో దయ ఉంది. అదే కష్టమైంది. తిడితే తలవంచుకుని వచ్చేసేదాన్ని.

"తీసేస్తే ఆ గీత మిగిలిపోతుంది," అన్నాను.

"ఏ గీత?"

"పసుపు గీత. ఇంకో వందేళ్లకు ఎవరో ఈ అతుకు విప్పుతారు. లోపల పచ్చటి గీత చూస్తారు. ఏ మందు వాడారో, అది ఇంకా లోపల తింటోందేమోనని భయపడతారు. అది అన్నం డబ్బా అని వాళ్లకు తెలియాలి."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి, నివేదిక చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు.

కాంట్రాక్టు ఫిబ్రవరి ఆఖరి రోజున వచ్చింది, ఒక షరతుతో. ఏడాదిపాటు వర్క్‌షాపులో వస్తువులతో నేను ఒంటరిగా ఉండకూడదు. న్యాయమే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. నన్ను ఉంచుకోమని ఫ్రావ్ లిండ్నర్ ఏం చెప్పిందో నాకెప్పటికీ తెలియలేదు. ఆ సాయంత్రం శ్రావంతికి ఫోన్ చేస్తే, "ఉంచిన్రా? ఇగ మంచిది. ఇప్పటిసంది నీ డబ్బాల పెరుగన్నం పెట్టుకపో, మరకన్న పడదు," అంది.

బిడియం గురించి ఒక మాట

మీ ఇద్దరిలో ఒకరు నాలాగే తల దించుకుని మాట్లాడటం గమనించాను. ఈ పని మనలాంటి వాళ్లను పిలుస్తుంది. వస్తువులు ప్రశ్నలు అడగవు. గది నిశ్శబ్దంగా ఉంటుంది. అందరూ మన నెమ్మదిని మెచ్చుకుంటారు కూడా. నేను చాలా ఏళ్లు దాన్ని మంచి గుణమనే అనుకున్నాను. కానీ ఆ శుక్రవారం నన్ను ఫోన్ చేయనివ్వనిది, పెంకుల్ని డబ్బాలో పెట్టించింది అదే బిడియం. బయట సిగ్గుపడండి, పెళ్లిళ్లలో మూల కుర్చీ వెతుక్కోండి, నేనిప్పటికీ అంతే. వస్తువు విరిగితే మాత్రం ఆ గంటలోనే, నత్తిగానైనా, ఎవరో ఒకరికి చెప్పండి.

గ్యాలరీ

అతికే పని ఫ్రావ్ లిండ్నర్ నాతోనే చేయించింది. ఆమె అయితే రెండు రోజుల్లో ముగించేది. నాకు మూడు వారాలు పట్టింది. రెండుసార్లు అతికి, రెండుసార్లు విప్పాను. ఆమె తన బల్ల దగ్గర తన పని చేసుకుంటూ, నేను అడిగినప్పుడే లేచి వచ్చింది.

ఏప్రిల్‌లో జాడీని గ్యాలరీకి తీసుకెళ్లాం. దిండ్లు పరిచిన బండి మీద, లిఫ్టులో, రెండు హాళ్లు దాటి. అద్దాల పెట్టె తెరిచి ఉంది. డాక్టర్ వేబర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. బండి మీంచి పీఠం మీదికి ఒక్క ఎత్తు, ఒక్క అడుగు. ఆ పని ఎప్పుడూ ఫ్రావ్ లిండ్నర్‌దే.

ఆమె పక్కకు జరిగింది. "మీరు పెట్టండి," అంది.

ఫిబ్రవరి నుంచి నేను ఏది ఎత్తినా, చిన్న గిన్నె అయినా సరే, ఆమె రెండు అరచేతులు దాని కింద నాలుగు వేళ్ల దూరంలో నా వెంట వచ్చేవి. ఆ రోజు కూడా వస్తాయని కాసేపు ఆగాను. ఆమె చేతులు రెండూ ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని నిలబడింది. డాక్టర్ వేబర్ ఏదో అనబోయాడు. ఆమె అటు తిరగలేదు.

ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన పెట్టి ఎత్తాను. బరువు నా మణికట్ల మీదికి వచ్చింది. అడుగు వేశాను. పీఠం మీద అంచు ముందు ఆనింది, తర్వాత మొత్తం ఆనింది. చేతులు తీసేశాను. జాడీ నిలబడింది.

"కొంచెం ఎడమకి," అంది ఫ్రావ్ లిండ్నర్, జేబుల్లోంచి చేతులు తీయకుండానే.